పన్నెండు వేల మంది అక్కలు

ఎంత పని హడావుడిలో ఉన్నా ఆ తల్లి చెవి ఒకటి కూతురి మీదే ఉంటుంది. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగి కాస్త ఆలస్యమైతే జారిపడిందేమోనని, మాట్లాడకుండా టీ తాగితే ఒంట్లో బాగాలేదేమోనని ఆవిడకి దిగులు. ఆ ఉదయం నిజంగానే ఓ కారణం దొరికింది. పిల్ల దవడ మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

"పన్ను నొప్పా?"

"కొంచెం. అదే తగ్గుతుందిలే."

"అదే తగ్గుతుందని మీ పిన్నీ ఊరుకుంది. చివరికి చెవి దాకా పాకింది."

"పిన్నికి వచ్చింది చెవిపోటేనమ్మా. దానికీ పన్నుకీ ఏం సంబంధం?"

"రెండూ ఆ తలలోనే కదా ఉండేది."

పేపరు చాటున తండ్రి నవ్వాడు. ఆయనకి బజారు చివర తాళాలు బాగుచేసే చిన్న కొట్టు ఉంది. "ఎలాంటి మొండి తాళమైనా తీస్తాను గానీ, మీ అమ్మకి భయం పడిందంటే దానికి మారు తాళంచెవి లేదే పిచ్చుకా" అన్నాడు.

పిచ్చుక అని పిలిచేది ఇంట్లోవాళ్ళే. నెలలు నిండకుండా, గుప్పెడంత పిల్లగా పుట్టినప్పుడు తల్లి పెట్టుకున్న ముద్దుపేరు అది. ఇప్పుడు ఆ పిచ్చుక కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం చేస్తోంది. అక్కడ ఆ పేరు ఎవరికీ తెలియదు. తెలిస్తే ఏడిపిస్తారని ఆ పిల్ల కూడా ఎక్కడా చెప్పుకోదు.

కూతురు మెట్లు దిగగానే తల్లి బాల్కనీలోకి వచ్చి, వెనకనుంచి ఓ ఫొటో తీసింది. భర్త కూడా కొట్టుకి బయల్దేరాక కుట్టు మిషను ముందు కూర్చుని, కుట్టాల్సిన కర్టెన్ గుడ్డ పక్కకి నెట్టి, 'అమ్మల అరుగు' తెరిచింది. అది ఫోన్లో ఆడవాళ్ళందరూ కలిసి కబుర్లు చెప్పుకునే గ్రూపు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఇలా రాసింది:

'అక్కలూ, మా పిచ్చుక ఇప్పుడే బయల్దేరింది. పసుపు గొడుగు. పన్ను నొప్పి. ఏడో నంబరు బస్సెక్కి కళ్ళజోళ్ళ షాపు దగ్గర దిగుతుంది. ఆ దారిలో ఉన్నవాళ్ళు కాస్త ఓ కన్నేసి ఉంచండి. నాకూ పొద్దుట్నుంచి కళ్ళు తిరుగుతున్నాయి. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను.'

ఇది రోజూ ఉన్నదే. నలుగురి కళ్ళూ పిల్ల మీద ఉంటే ఏ ఆపదా దగ్గరికి రాదని ఆవిడ నమ్మకం. ఆవిడ లెక్కలో ఆ అరుగు మీద కూర్చునేది ఆరేడుగురే. అన్ని రోగాలకీ లవంగాలే చెప్పే అక్క, మూడు పిల్లులున్న ఆవిడ, ఓ పంతులమ్మ, ఇంకా ఒకరిద్దరు. జవాబు ఇచ్చేవాళ్ళే ఆవిడకి మనుషులు. నోరు విప్పకుండా చూసేవాళ్ళు కూడా ఉంటారన్న ఆలోచన ఆవిడకి ఎన్నడూ రాలేదు.

మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"అమ్మా, ఎక్కడున్నావు?" కూతురి గొంతు వణుకుతోంది.

"ఇంట్లోనే. ఎక్కడుంటాను? ఏమైందే?"

"నీకు బాగానే ఉంది కదా?"

"నాకేమవుతుంది? నీకేమైంది ముందు అది చెప్పు."

"వచ్చి చెబుతా. తలుపు గడియ పెట్టుకో. ఎవరొచ్చినా తియ్యకు."

ఫోన్ పెట్టేసింది. బస్సు బోల్తా పడిందా, షాపు అంటుకుందా, పన్ను పీకించుకుంటే రక్తం ఆగలేదా? ఎప్పుడూ చేసే పనే మళ్ళీ చేసింది. 'పిచ్చుక ఫోన్ చేసింది అక్కలూ. గొంతు తేడాగా ఉంది. నాకు భయంగా ఉంది' అని రాసింది.

షాపు యజమాని తన స్కూటరు మీద పిల్లని గుమ్మం దాకా తెచ్చి దింపాడు. "కొట్టులో మీవారిని కలిసి మాట్లాడి వస్తానమ్మా" అని వెంటనే వెళ్ళిపోయాడు. లోపలికి వచ్చిన కూతురు తల్లిని గట్టిగా వాటేసుకుంది.

"షాపుకి ఎవడో వచ్చాడమ్మా. 'పిచ్చుకా, మీ అమ్మ కళ్ళు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో చేర్చాం. పిల్ల పన్ను నొప్పితో వెళ్ళిందని కలవరిస్తోంది. కారు బయటే ఉంది, రా' అన్నాడు. నాకు ఇంకేం తోచలేదు. బ్యాగు కూడా తీసుకోకుండా పరిగెత్తాను."

"ఎక్కావా?"

"తలుపు మీద చెయ్యి వేశాను. మా ఓనరుగారు వెనకే వచ్చి, ముందు ఇంటికి ఓ ఫోన్ చెయ్యమన్నారు. నేను నీ నంబరు నొక్కుతుంటే కారు కదిలి వెళ్ళిపోయింది."

తల్లి అలాగే నేల మీద కూలబడిపోయింది. కానీ చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ ఫోన్ మీదికి పోయింది. 'అక్కలూ, ఎంత గండం తప్పింది' అని రాస్తుంటే కూతురు చూసింది.

"ఎవరికి?"

"మన అక్కలకేనే. పాపం, ఇందాకట్నుంచి కంగారు పడుతున్నారు."

"ఏ అక్కలు? వాళ్ళకి ఇదంతా ఎలా తెలుసు?" అంటూ ఫోన్ తీసుకుంది.

నిలబడే చదవడం మొదలుపెట్టింది. పసుపు గొడుగు. ఏడో నంబరు బస్సు. పిచ్చుక. ఇంకా కిందికి పోతే నిరుటి జ్వరం, జీతం పెంచలేదని ఏడ్చిన సంగతి, తండ్రి కొట్టు కట్టేసే వేళ. వేలు ఒకచోట ఆగిపోయింది.

"ఇది కూడానా? నేను ఇష్టపడ్డ అబ్బాయి నన్ను వద్దన్న సంగతి నీ ఒళ్ళో తల పెట్టుకుని చెప్పానమ్మా."

"పేరు రాయలేదే."

"కింద నా ఫొటో ఉంది."

"నీ మనసు ఎలా కుదుటపడుతుందో తెలీక అడిగానే. వాళ్ళూ పిల్లల తల్లులే. పదిమంది కళ్ళూ నీ మీద ఉంటే..."

"పదిమందా? ఇటు చూడు. పన్నెండు వేల మంది."

తల్లి ఆ అంకెని వేలు పెట్టి చదువుకుంది. "మాట్లాడేది ఆరేడుగురే కదే" అంది, సందేహంగా.

"మిగతావాళ్ళు వింటున్నారు. వాడూ అందులోనే ఉన్నాడు. నా కోసం కాపలా పెట్టాననుకున్నావు, నువ్వే దారి చూపించావు." పిల్ల ఫోన్‌ని మిషను మీద పెట్టేసింది. "నేను హాస్టల్లో ఉంటానమ్మా. ఈ ఇంట్లో ఇంక దగ్గినా భయమే నాకు."

లోపలి గది తలుపు వేసుకుంది. కుట్టు మిషను మీద ఫోన్ టింగుమంది. గొంతు తేడాగా ఉంటే లవంగం బుగ్గన పెట్టుకోమని చెప్పమంటోంది లవంగాల అక్క.

సాయంత్రం తండ్రి వచ్చాడు. షాపు యజమానితో కలిసి పోలీసులకి ఫిర్యాదు చేసి, షాపు కెమెరాలో పడిన కారు ఫొటో ఇచ్చి వచ్చాడట. సంగతంతా విన్నాడు. "ఊళ్ళో అందరి తలుపులకీ తాళాలు బిగిస్తూ తిరిగాను" అన్నాడు. "మనిల్లు బార్లా తెరిచి ఉందని నాకూ తెలీలేదు." ఆయన ఒక్క తిట్టు తిట్టినా ఆవిడకి కాస్త తేలికయ్యేది.

తల్లి లేచి ముఖం కడుక్కుంది. అటక మీంచి సంచి దింపి, దుమ్ము దులిపి, కూతురి గదిలోకి వెళ్ళింది. మంచం మీద కూతురి పక్కన కూర్చుని బట్టలు మడతపెట్టి సర్దడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావు?"

"వెళ్ళు. హాస్టల్ మంచిదే. గడియ సరిగ్గా పడే గది తీసుకో. గీజరు ఆపకుండా నీళ్ళు ముట్టుకోకు." స్వెటరు మడత మళ్ళీ విప్పి మళ్ళీ మడిచింది. "ఎక్కడో మీ నాన్నకి చెప్పు. నాకు మాత్రం చెప్పొద్దు."

కూతురు లేచి కూర్చుంది. "నీకు చెప్పొద్దా?"

"నాకు తెలిస్తే నా నోట్లో ఆగదే. నువ్వు బాగుండాలంటే నాకు తెలియకపోవడమే మంచిది. భయం సంగతంటావా, నేను ఎలాగోలా పడతాను."

బస్సు కాస్త ఆలస్యమైతే వీధి చివరిదాకా వచ్చి నిలబడే మనిషి ఈ మాట అంటోంది. పిల్ల ఆ చేతుల్లోంచి స్వెటరు లాక్కుంది.

"ఎందుకమ్మా వాళ్ళకి చెప్పుకోవడం? నాకు చెప్పొచ్చు కదా."

"నీకు చెబితే విసుక్కుంటావు. 'ఎన్నిసార్లమ్మా' అని ఫోన్ పెట్టేస్తావు. మీ నాన్న నవ్వుతారు. వాళ్ళు మాత్రం 'అయ్యో పాపం' అనేవాళ్ళు." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఎవరో ఒకరు అయ్యో అంటే ఆ పూట నాకు చేతులు వణక్కుండా కుట్టు పడేది."

షాపులో ఎన్ని మధ్యాహ్నాలు తల్లి నంబరు చూసి ఫోన్ బోర్లా తిప్పి పెట్టిందో ఆ పిల్లకే తెలుసు. సంచి కిందికి తోసి, తల్లి భుజం మీద తల వాల్చింది.

"హాస్టల్‌కి వెళ్ళి నీకు చెప్పకుండా నేను మాత్రం ఉండగలనా?"

"అంటే వెళ్ళవా?"

"నువ్వు రాసినవన్నీ తీసేద్దాం రా. ఎవరో దాచుకుని ఉంటే మనం ఏం చెయ్యలేం. మిగిలినవైనా పోతాయి."

ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఒక్కొక్కటే చెరిపేశారు. కొన్నింటికి నవ్వొచ్చింది, కొన్నింటికి కూతురి ముఖం బిగుసుకుంది. అలాంటప్పుడు తల్లి తల వంచుకుని, "తప్పేనే, తప్పే" అనుకుంటూ ఉంది. చివరికి ఆ గ్రూపులోంచి బయటికి వచ్చేసేటప్పుడు ఆవిడ వేలు కాస్త తటపటాయించింది.

"పంతులమ్మ మంచిదే" అంది.

"అయితే ఆవిడ నంబరు కనుక్కుని టీకి పిలుద్దాం. ముందు ఆవిడ నిజంగా పంతులమ్మేనా చూద్దాం."

తల్లి నొక్కేసింది. ఫోన్ పక్కన పెట్టాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చుంది.

"ఇప్పుడు నాకు చెప్పు" అంది కూతురు. "ఇవాళ నీకున్న భయాలన్నీ."

"అన్నీనా?"

"అన్నీ."

ఆవిడ పన్నుతో మొదలుపెట్టింది. పన్నులోంచి చెవికి, చెవిలోంచి మెదడుకి వెళ్ళింది. ఆ కారువాడు మళ్ళీ వస్తే ఎలా అంది. రేపు ఆ బస్సు వద్దు, నాన్నతో వెళ్ళమంది. షాపు ఓనరు మంచివాడే గానీ ఆ స్కూటరు బ్రేకుల చప్పుడు తేడాగా ఉందంది. హాల్లోంచి తండ్రి దగ్గు వినిపించింది. ఆయనకీ ఎన్నాళ్ళనుంచో ఆ దగ్గు తగ్గడం లేదంటూ అటు మళ్ళింది. మధ్యలో ఆగి కూతురి ముఖంలోకి చూసింది.

"విసుగొస్తోందా?"

"వస్తోంది" అంది పిల్ల, తల్లి ఒళ్ళో తల సర్దుకుంటూ. "చెప్పు."