అక్క పేరు చెప్పని సంపంగి

హేమగిరి రాజ్యంలో ఆ ఏడు ఒక్క విత్తనమూ మొలవలేదు. శీతకోరుడనే రాక్షసుడు కోపంతో ఊదిన ఊపిరికి నేలంతా చల్లబడిపోయింది. గాదెల్లో ధాన్యం ఆరు నెలలకు మించి రాదు. రాజగురువు ఆలోచించి, "సముద్రాల అవతల మావోరీలనే జనం ఉండే దీవి ఉంది. అక్కడ భూమిలోంచి మరిగే నీళ్ళు తన్నుకొస్తాయి. అవి ఒక్క కుండెడు తెచ్చి చల్లితే ఆ రాక్షసుడి శాపం వదులుతుంది" అన్నాడు. సంతానం లేని రాజు విక్రాంతవర్మ, ఆ నీళ్ళు తెచ్చినవారికే సింహాసనమని చాటింపు వేయించాడు.

రాజుగారి తోటమాలి కూతుళ్ళు వకుళ, సంపంగి ఓడెక్కారు. ఉన్నమాట చెప్పాలంటే, చిన్నది సంపంగికి అక్కంటే ఒళ్ళుమంట. వకుళ నాటిన కొమ్మే చిగురిస్తుంది, వకుళ కట్టిన దండే రాణిగారికి నచ్చుతుంది. "అక్కను చూసి నేర్చుకోవే" అని తండ్రి రోజుకు పదిసార్లు అంటాడు. అన్నిసార్లు అంటే ఎవరికి మాత్రం కడుపు మండదు?

దీవిలో దిగగానే ఎత్తయిన గోడల తోట ఎదురైంది. గుమ్మంలో కోడంత పిట్ట ఒకటి పొడవాటి ముక్కుతో నేల పొడుస్తోంది. దానికి రెక్కలు ఉన్నాయో లేవో కూడా తెలియడం లేదు.

"లోపల ఒక్కో తోట ఒక్కో దేశానిది. పువ్వు కోశారో, దారి మూసుకుపోతుంది" అంది పిట్ట.

మొదటి తోటలో అంతా తెల్లని ఇసుక, రాళ్ళే. చుక్కనీరు లేదు. రెండోదాంట్లో నాలుగు కాలువలు, వాటి నడుమ నీలి గులాబీలు. సంపంగి చెయ్యి చాచింది. వకుళ గబుక్కున మణికట్టు పట్టుకుంది.

"వద్దే చెల్లీ! పిట్ట చెప్పింది అప్పుడే మరిచిపోయావా?"

అవతలి గుమ్మం దాటుతుంటే, వెంటే వచ్చిన పిట్ట మెచ్చుకోలుగా చూసి, "పెద్దమ్మాయి బుద్ధిమంతురాలు" అంది. ఇన్ని సముద్రాలు దాటొచ్చినా అదే మాట! సంపంగి మూతి ముడుచుకుంది.

తోట దాటితే బురద కుతకుత ఉడికే మైదానం. మధ్యలో రాళ్ళ బాట. ఈసారైనా ముందుండాలని సంపంగి గబగబా అడుగులు వేసింది. ఒక రాయి ఒరిగింది. వకుళ చెల్లెల్ని వెనక్కి లాగింది కానీ, తన పాదం బురదలో పడి కాలింది. ఎలాగో ఇద్దరూ గట్టు చేరారు.

"నేనిక నడవలేనే. కుండ పట్టుకుని నువ్వెళ్ళు. మన ఊళ్ళో జనం ఆకలితో ఉన్నారు" అంది వకుళ పళ్ళు బిగించి.

సంపంగికి ఏడుపొచ్చింది. దాని వెనకే, పేరంతా ఇక తనదేనని సంతోషమూ వచ్చింది. ఆ సంతోషానికి తనకే సిగ్గేసింది. అయినా వెళ్ళింది.

మరిగే నీళ్ళ ఊట పక్కన చెక్కుడు స్తంభాల పెద్ద ఇల్లు ఉంది. స్తంభాల మీద పూర్వీకుల ముఖాలు, గవ్వపెంకుల కళ్ళతో మెరుస్తున్నాయి. మెరెయానా అనే ముసలామె వసారాలో నిలబడి, రాగం తీస్తూ పిలిచింది.

"రా తల్లీ. మా దగ్గర మనిషి పేరు ఆఖర్న వస్తుంది. నీ కొండేది, నీ ఏరేది, నీ వాళ్ళెవరు? అందరినీ చెప్పు. అప్పుడే ఊట నీళ్ళిస్తుంది."

"మా కొండ హేమగిరి. మా ఏరు వెన్నేరు. మా నాన్న భైరయ్య, మా అమ్మ చుక్కమ్మ. నేను సంపంగిని."

ఊట ఎగసి కుండ నిండింది. ఎత్తేసరికి నీళ్ళు చల్లబడ్డాయి.

"ఎవరినో వదిలేశావు" అంది మెరెయానా.

సంపంగి తాతల్ని, ముత్తాతల్ని, చివరికి ఇంట్లో పాడి ఆవును కూడా చెప్పింది. కుండ మళ్ళీ నిండింది, నీళ్ళు మళ్ళీ చల్లబడ్డాయి. సంపంగి చల్లని కుండ కేసి చూసింది. తన మణికట్టు పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చింది. ఇక ఆపుకోలేక భోరుమంది.

"మా అక్క ఉంది, వకుళ! అన్నిట్లో నాకంటే మంచిది. నాకోసం కాలు కాల్చుకుంది. దాని పేరు చెబితే నేనెవరికీ కనబడనని భయం, అవ్వా!"

ఊట బుసకొట్టి లేచింది. ఈసారి కుండలో నీళ్ళు తెర్లుతూనే ఉన్నాయి. మెరెయానా సంపంగి నుదుటికి నుదురు, ముక్కుకు ముక్కు ఆనించి ఒక ఊపిరి పంచుకుంది. చుట్టాన్ని అక్కడ పలకరించే తీరు అది.

"ఇప్పుడే కదమ్మా నాకు కనబడ్డావు" అంటూ వకుళ కాలికి ఆకుపసరు ఇచ్చింది.

హేమగిరి నేల మీద ఆ నీళ్ళు చల్లిన మూడోనాటికి పెసలు మొలిచాయి. నిండుసభలో రాజు కిరీటం పట్టుకుని, "నీళ్ళు తెచ్చిందెవరు?" అని అడిగాడు.

"చెల్లెలే, మహారాజా. నేను ఊట దాకా వెళ్ళనేలేదు" అంది వకుళ.

చిన్నప్పటి నుంచీ కోరుకున్న మాట అది. సంపంగి ఒక్క క్షణం కిరీటం వైపు చూసింది. తరవాత గొంతు సవరించుకుంది.

"మా కొండ హేమగిరి. మా ఏరు వెన్నేరు. మా అక్క వకుళ. నన్ను బతికించి పంపింది అదే. ఆ తరవాతే నేను."

రాజు సంతోషించి ఇద్దరినీ ఒకే సింహాసనం మీద కూర్చోబెట్టాడు. వాళ్ళు కలిసి చాలాకాలం చల్లగా ఏలారు.

అసూయ పూర్తిగా పోయిందా అంటే, పోలేదు. "వకుళమ్మకు జై" అని ఎవరైనా అరిస్తే సంపంగికి లోపల చురుక్కుమనేది. అప్పుడామె దాచుకున్న ఆ పాత కుండ మీద చెయ్యి పెట్టి, అక్క పేరు ఒకసారి పైకి అనుకునేది. కుండ వెచ్చబడేది.