వాయెల్ కుర్చీ

మా బెకా లోయలో మంచు పడే రోజున చీకటి ముందే దిగిపోతుంది. అందుకే ఆ మధ్యాహ్నం నాకంత తొందర.

సరిహద్దుకి అవతల మా ఊరు హోమ్స్‌లో స్టూడియో ఉన్నప్పుడు పెళ్ళికూతుళ్ళ ఫోటోలు తీసేదాన్ని. ఇప్పుడు యుద్ధానికి ఇల్లొదిలి ఈ డేరాల్లో ఉంటున్నవాళ్ళని తీస్తున్నాను. నేనూ వాళ్ళలో ఒకదాన్నే. మాలో ఒక పద్ధతుంది. ఇంట్లో మనిషి కనిపించకుండా పోతే ఫోటోలో వాళ్ళకో కుర్చీ ఖాళీగా ఉంచుతాం. తర్వాత పాత ఫోనులోంచి వాళ్ళ బొమ్మ తీసి నేనక్కడ అతికిస్తాను. ఆ ప్లాస్టిక్ కుర్చీ నాదే. నెత్తిన పెట్టుకుని డేరా డేరాకీ తిరుగుతుంటాను.

వాయెల్‌వాళ్ళమ్మ నాకు పంచదార దండిగా వేసి టీ ఇచ్చింది. సైనికులు కొడుకుని పట్టుకుపోయాక కూడా ఆవిడ పొయ్యిమీద చక్కెర లేని కాఫీ పెట్టలేదు. అది చావింట పోసే కాఫీ.

"మధ్యలో వాడికి జాగా ఉంచు హసీబా. చోటు మూసేస్తే నా కొడుకు ఎక్కడికని తిరిగొస్తాడు?"

"అలాగే అక్కా," అన్నాను. పచ్చి అబద్ధం. ఈ ఫోటో అడిగింది పైదేశంలో ప్రదర్శన పెట్టేవాళ్ళు. వాళ్ళకి ఖాళీ కుర్చీలు వద్దట. దగ్గరదగ్గరగా కూర్చోవాలట, కళ్ళలో నీళ్ళుండాలట. కుర్చీ తీసి బయట మంచులో పెట్టాను.

"పట్టట్లేదక్కా, తర్వాత అతికిస్తాలే. నవార్, అమ్మ పక్కకి జరుగు. ఇంకా జరుగు."

ఆవిడ కూతురు నవార్ నన్ను ఎగాదిగా చూసింది. "అందరిళ్ళలో పట్టిన కుర్చీ మా ఇంట్లోనే పట్టలేదా పిన్నీ?"

"నీకు నోరెక్కువైందే," అన్నాను.

తల్లి కంట నీరు రాలేదు. అప్పుడు అడిగాను, సిగ్గులేకుండా. "చివరిసారి ఏమన్నాడక్కా వాయెల్?"

"చలేస్తోందమ్మా, కోటివ్వు అన్నాడు. ఇచ్చేలోపే లాక్కుపోయారు." కన్నీళ్ళు జారాయి. నేను కెమెరా నొక్కాను.

తెరమీద చూసుకుంటే... ఇద్దరి మధ్యా ఖాళీ. భుజాలు ఒరుసుకుని కూర్చున్నవాళ్ళ మధ్య, సరిగ్గా ఒక మనిషి పట్టేంత చోటు. మళ్ళీ తీశాను. ఖాళీ పెరిగింది.

పొయ్యి మంట తగ్గింది. తడిసిన ఉన్ని వాసన. గోడగా కట్టిన సబ్బు ప్రకటన ఫ్లెక్సీ గాలి లేకుండానే కొట్టుకుంది. బయట ప్లాస్టిక్ కిర్రుమంది... ఎవరో కుర్చీలో సర్దుకున్నట్టు.

"నా కొడుకుని చలిలో కూర్చోబెట్టావా?" ఆవిడ గుసగుసగా అడిగింది.

బయటికి వెళ్ళాను. కుర్చీ చేతులమీద వేలెడు మంచు. కూర్చునే చోట మాత్రం పొడి. చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది.

దాన్ని లోపలికి తీసుకెళ్ళాల్సింది. ఆవిడ మొహం చూసే ధైర్యం లేక, దొంగలా నెత్తిన పెట్టుకుని ఇంటిదారి పట్టాను. దారంతా అది బరువెక్కుతూనే ఉంది.

కుర్చీని గుమ్మం దగ్గర దింపి, పరుపుమీద మా అమ్మాయి జుమానా పక్కన కూలబడ్డాను. అది మసూరు పప్పు సూపు తాగుతోంది. గిన్నెలోంచి తలెత్తకుండానే పక్కకి జరిగింది.

"ఎందుకే జరిగావు?"

"జరగమన్నారుగా."

"ఎవరు?"

"చలేస్తోందట..."

నాకు భయం కంటే ముందు సిగ్గేసింది. కోటు విప్పి మా ఇద్దరి మధ్యా పెట్టాను. పరుపు మెల్లగా కుంగింది.

తెల్లారి చూస్తే కోటు అక్కడే ఉంది. గుండీలు మెడదాకా పెట్టి ఉన్నాయి. ముట్టుకోలేకపోయాను. కుర్చీ పట్టుకుని వాయెల్‌వాళ్ళమ్మ దగ్గరికి పరుగెత్తాను.

"కూర్చోండక్కా, మళ్ళీ తీస్తాను. మధ్యలో కుర్చీ వేసే తీస్తాను."

"ఇంకెందుకులే హసీబా. రాత్రంతా చూశాను, రాలేదు." పొయ్యిమీది గిన్నె దించి నాకు కాఫీ పోసింది. "ఇంత చలిలో కోటు లేకుండా వచ్చావేం?"

తల వంచుకుని తాగాను. చక్కెర లేదు.