సిరిగిరి నూనె మైకం

మన ముత్తాతల ముత్తాతలు పుట్టకముందు సిరిగిరి రాజ్యానికి వింత కష్టం వచ్చిపడింది. రాజు మొదలు కావలివాడి దాకా అందరూ కళ్లు తెరుచుకునే కలలు కంటున్నారు. గాలితో మాట్లాడుకుంటారు, నవ్వుకుంటారు. దూడలు అరిచినా విప్పే దిక్కు లేదు.

తెలివిలో ఉన్నది ఎర్నమ్మ ఒక్కతే. గానుగాడించే గవరయ్య కూతురు. కురుపులు లేచి గుండు చేయించుకుంది కనుక ఆమె తలకు నూనె రాసుకోలేదు. కమ్మని వాసన వస్తుందని గవరయ్య అడవిలోని మైకపుతీగ గింజలు నువ్వుల్లో కలిపి ఆడించాడు. ఆ నూనెతో ఊరంతా తలంటుకుంది. ఎర్నమ్మ మిగిలిన గింజలు పారేసింది, నూనె పారబోసింది, కొత్త నువ్వులు ఆడించింది. ఆ నూనె రాసుకున్నా అదే మైకం.

గవరయ్య చచ్చిపోయిన పెళ్లాంతో ముచ్చట్లాడుతున్నాడు. ఎదురుగా ఉన్న కూతురు కనబడదు. నెల్లాళ్లుగా ఎర్నమ్మను పేరుపెట్టి పిలిచినవారు లేరు. ఇక ఆ తీగకు మూలమైన రాక్షసినే అడుగుదామని ఆమె అడవి పట్టింది.

మూడు రోజులు ముళ్లకంపల్లో నడిచింది. నాలుగో రోజు ఇప్పపూలు తిని తూగుతున్న ఎలుగుబంటి అడ్డం వచ్చింది.

"ఓలమ్మ! గుమ్మడికాయ నడిచొస్తందనుకున్నాను. ఆడగుంటవా నువ్వు?"

"గుంటనే మావా. మైకపుతీగ రాక్షసి ఎక్కడుంటాది?"

"ఏరు దాటి కొండకొమ్మున. నా మత్తు పొద్దు తిరిగితే దిగిపోద్ది. దాన్ది దిగదే!" అంటూ అక్కడే గుర్రుపెట్టింది.

ఎర్నమ్మ ఒక్కతే ఏరు ఈదింది. ఒక్కతే కొండెక్కింది.

కొండమీద తీగల జుట్టుతో రాక్షసి కూర్చుని ఉంది.

"బాగున్నావా మామ్మా?" అంది ఎర్నమ్మ.

రాక్షసి ఉలిక్కిపడింది. "నన్ను పలకరించినోళ్లు నూరేళ్లలో లేరే. ఇదిగో, ఈ నూనెచుక్క రాసుకో. మీ అమ్మొస్తాది."

ఎర్నమ్మ చెయ్యి చాపి ఆగింది. "నాకు తెలీని మాట ఏదైనా చెప్తాదా?"

"లేదు. నీకు తెలిసినవే చెప్తాది."

"అయితే వద్దు మామ్మా."

రాక్షసి ఆ నూనెచుక్క తుడిచేసింది. అప్పుడు అంది: "గింజలు పారేశావు. మరి గానుగరోలో? నా సత్తువ నీళ్లలో కరగదు, నూనెలోనే దాక్కుంటాది. ఆ రోటి కర్ర దాన్ని తాగేసింది. కాల్చకు, పొగలో ముక్కుకెక్కుతాది. లోతుగా పాతిపెట్టు. తలలు కుంకుడురసంతో ఏడు రోజులు రుద్దు."

ఎర్నమ్మ తిరిగొచ్చి ఎడ్లతో రోలు పెకలించి పాతిపెట్టింది. తండ్రితో మొదలుపెట్టి రాజు దాకా ఊరంతటికీ తలలు రుద్దింది. చేతులు పొక్కాయి.

ఎనిమిదో రోజు తెల్లారేసరికి పెరట్లోంచి కేక.

"ఎర్నా! మా తాత నాటి గానుగ ఏదే? ఎక్కడ పెట్టీసినావే, నీ బుర్ర కాలా!"

ఎర్నమ్మ అరుగు మీద కూలబడి, నవ్వుతూ ఏడ్చింది. "ఇంకా తిట్టయ్యా. ఆగకు."

రాజు ఆమెను రాజ్యంలోని గానుగలన్నింటికీ పెద్దను చేశాడని చెప్పుకుంటారు. ఆ కబురు తెచ్చిన భటుడు మాత్రం తండ్రి తిట్లు అయ్యేదాకా వీధిలోనే నిలబడాల్సి వచ్చింది.