విప్పని మడతలు

బొంగరం పని పోయిన రోజు కూడా ఇంట్లో ఎప్పటిలాగే తెల్లవారింది. నాయనమ్మ కళ్లజోడు కనిపించక ఇల్లంతా వెతికింది. చివరికి అది ఆమె నెత్తిమీదే ఉంది.

“నీ జుట్టుకి కూడా చూపు తగ్గిందా నాయనమ్మా?” అని బొంగరం పకపకా నవ్వింది.

అమ్మకు నవ్వే తీరిక లేదు. కుట్టుషాపుకు వేళవుతోంది. అయినా కూతురు తీగమీంచి తెచ్చి మడిచిన బట్టలను ఒక్కొక్కటే అందుకుని, దులిపి, అంచుకు అంచు కలిపి మళ్లీ మడిచి పెట్టాకే గడప దాటింది.

బొంగరం అసలు పేరు కాదు. సంతోషం కలిగితే ఉన్నచోటే గిర్రున తిరుగుతుందని నాన్న పెట్టిన పేరు. ఆ పిల్లకు ఏదైనా ఆలస్యంగా వస్తుంది. వచ్చిందంటే ఇక పోదు. ఆలస్యం సంగతి పుట్టినప్పుడే డాక్టర్లు చెప్పారు. పోదన్న సంగతి మాత్రం ఇంట్లోవాళ్లే కనుక్కున్నారు. ఇప్పుడు హైస్కూల్లో ఆఖరి ఏడాది. ఇలాంటి పిల్లలకు చదువయ్యాక బతకడానికి ఒక పని నేర్పే టీచరమ్మ ఆ స్కూల్లో ఉంది. ఆవిడే ఒక హోటల్‌వాళ్లను బతిమాలి, వాళ్ల లాండ్రీలో తువ్వాళ్లు మడిచే పనికి బొంగరాన్ని కుదిర్చింది. బాగా చేస్తే చదువు పూర్తవగానే ఉద్యోగం ఇస్తామన్నారు.

ఆ సాయంత్రం టీచరమ్మ బొంగరాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల ఎవరితోనూ మాట్లాడలేదు. చెప్పులు పక్కపక్కన సర్ది, గోడవైపు తిరిగి కూర్చుంది.

“రేపటినుంచి రావద్దన్నారండీ,” అంది టీచరమ్మ.

“ఎందుకట?” అంది అప్పుడే షాపునుంచి వచ్చిన అమ్మ.

“తువ్వాలు మడుస్తుందట గానీ అరలో పెట్టదట. సూపర్వైజర్ వైపు చాపి అలాగే నిలబడుతుందట. ఆవిడ అందుకుంటే తప్ప ఇంకోటి ముట్టుకోదట. ‘ఈ పిల్ల పక్కన ఇంకో మనిషిని పెట్టుకోవాలా?’ అని విసుక్కున్నారు.”

“మరి స్కూల్లో మీరేం నేర్పినట్టు?”

“స్కూల్లో తనే మడిచి తనే అరలో పెడుతుందండీ. నాకూ అదే అంతుపట్టట్లేదు.”

నాయనమ్మ అందుకుంది. “చాల్లే, నేను మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నా. పసిదాన్ని పనికి పంపడమేంటి? దానికి ఇంత తిండి పెట్టలేమా?”

“నేను పసిదాన్ని కాదు,” అంది బొంగరం గోడతో.

“పెడతాం అత్తయ్యా. మనం ఉన్నన్నాళ్లూ పెడతాం. తర్వాత ఎవరు పెడతారు?”

“ఇప్పుడే ఆ మాటలెందుకే?”

“పోయినేడు ఆయన మనకి చెప్పి వెళ్లారా?”

అమ్మ లోపలికెళ్లి ఉతికిన బట్టల బుట్ట తెచ్చి టీచరమ్మ ముందు దబ్బున పెట్టింది.

“ఆ హోటల్‌కి నేనే వస్తా. నా పిల్లకి పని రాదని నా మొహంమీద చెప్పమనండి. మడువే తల్లీ, టీచర్‌గారు చూస్తారు.”

బొంగరం నాలుక పళ్లమధ్య బిగించి తువ్వాలు మడిచింది. అంచులు కాస్త అటూఇటూ అయినా మడత మడతే. దాన్ని అమ్మవైపు చాపింది. మాటల్లో ఉన్న అమ్మ చెయ్యి తనంతట తానే దాన్ని అందుకుంది, దులిపింది, మళ్లీ మడిచి పక్కన పెట్టింది. ఇంకో తువ్వాలు. మళ్లీ అదే. టీచరమ్మ ఇప్పుడు పిల్లను కాదు, తల్లి చేతులను చూస్తోంది.

“అమ్మా, ఆ సూపర్వైజర్‌ది మీ వయసే. మీ ఒడ్డూ పొడుగే.”

“అయితే?” అన్నది గానీ, తువ్వాలు అమ్మ చేతుల్లో సగంలోనే ఆగిపోయింది. అమ్మ విప్పి మళ్లీ మడిస్తేనే ఆ పని అయినట్టని బొంగరం ఈ ఇంట్లోనే నేర్చుకుంది. నేర్చుకున్నది ఆ పిల్లకు పోదు.

“వంకరుంటే సరిచేస్తున్నా, అంతే కదా! రోజంతా అంచులు కుట్టేదాన్ని. వంకర చూస్తే నా ప్రాణం ఒప్పుకోదు...”

బొంగరం దిగ్గున లేచింది. “నువ్వు విప్పేస్తావ్! ఎప్పుడూ విప్పేస్తావ్! నాన్న విప్పడు!”

“అమ్మతో అలాగేనా మాట్లాడేది?” అంది నాయనమ్మ.

“అలాగే!”

విసవిసా లోపలికెళ్లి నాన్న బీరువా తలుపు లాగింది. ఆయన పోయినప్పటినుంచీ అమ్మ తెరవని తలుపు. లోపల చొక్కాలూ రుమాళ్లూ ఆయన పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. దొంతర ఒకవైపు ఒరిగి ఉంది. ఓ చొక్కా చెయ్యి బయటికి వేలాడుతోంది.

“ఇవి నేను మడిచినవి. నాన్న ఇలాగే పెట్టుకున్నాడు. పడ్డాయా?”

అమ్మ బీరువా దగ్గరికి వచ్చింది.

“చెప్పమ్మా! పడ్డాయా?”

“పడలేదు,” అంది అమ్మ.

వేలాడుతున్న ఆ చొక్కా చేతిని లోపలికి తొయ్యబోయింది. బొంగరం ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“ముట్టుకోకు.”

“ముట్టుకోనులే,” అంది అమ్మ. ఏడాదిగా ఎవరిముందూ ఏడవని మనిషి ఆ బీరువా తలుపు పట్టుకుని ఏడ్చింది. బొంగరం మణికట్టు వదల్లేదు గానీ పట్టు సడలించింది.

కాసేపయ్యాక టీచరమ్మ అంది: “చేతులు వెనక్కి కట్టుకోండమ్మా. స్కూల్లో నేనూ అంతే. లేకపోతే నాకూ చేతులు దురద పెడతాయి.”

బొంగరం మళ్లీ బుట్టముందు కూర్చుంది. తువ్వాలు మడిచి అమ్మవైపు చాపింది. అమ్మ చేతులు ముందుకు రాలేదు. పిల్ల అలాగే పట్టుకుని చాలాసేపు చూసింది. నాయనమ్మ చెయ్యి కదిలింది.

“అత్తయ్యా, మీరూ కట్టుకోండి.”

“నాదేం పోయింది?” అని గొణుగుతూ ఆవిడా చేతులు వెనక్కి పెట్టుకుంది.

బొంగరం తువ్వాలునీ, చేతుల్లేనట్టు నిలబడ్డ ఇద్దరు పెద్దవాళ్లనీ మార్చి మార్చి చూసింది. లేచి వెళ్లి దాన్ని అరలో పెట్టింది. వంకరగా. గిర్రున తిరగలేదు. తిరిగే తీరిక లేనట్టు ఇంకో తువ్వాలు అందుకుంది.

“రేపు హోటల్‌కొచ్చి నేను మాట్లాడతా,” అంది అమ్మ కళ్లు తుడుచుకుంటూ.

“నువ్వు రావద్దు. నేను మాట్లాడతా.”

మర్నాడు టీచరమ్మ లాండ్రీ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. బొంగరం ఒక్కతే లోపలికెళ్లి సూపర్వైజర్ ఎదుట నిలబడింది. “మీరు చెయ్యి చాపొద్దు. నేనే పెడతా,” అంది. ఆవిడ మేనేజర్‌ని అడిగి చెబుతానంది.

ఇప్పుడు ఆ ఇంట్లో అరలన్నీ వంకరగానే ఉంటున్నాయి. అమ్మ షాపుకు ముడతల చీరతోనే వెళుతోంది. ఎవరైనా వేలెత్తి చూపితే, “మా అమ్మాయి మడిచింది, ఏం?” అంటోంది.

హోటల్ నుంచి ఇంకా కబురు రాలేదు. బొంగరానికి ఒంటరిగా బస్సెక్కడం కూడా ఇంకా నేర్పాల్సి ఉంది.