సంఘంలో చెప్పేసిన గెలుపు

ఆదివారం పొద్దున కడపలో ఆటో దిగుతూ ఏసేపు కూతురికి మళ్లీ చెప్పాడు.

"ఈ ఒక్క ఆట గెలిస్తే రాష్ట్ర జట్టు అంట గదా. నిదానంగా ఆడు పాపా."

"సరే నాయనా," అంది స్తుతి. తొమ్మిదో తరగతి పిల్ల.

ఆలూరులో చర్చి సంఘమంతా ఆమె కోసం ప్రార్థన చేస్తోంది. మేస్త్రీ పని చేసే ఏసేపుకు చదరంగం రాదు. ఓడిన పిల్లలే ముందు చెయ్యి చాపుతారని మాత్రం నిన్నటి ఆటల్లో గమనించాడు. అందుకే, అవతలి పిల్ల సుప్రజ చెయ్యి చాపడం పోటీ హాలు కిటికీలోంచి చూడగానే, చర్చిలో ఉన్న భార్య రత్నమణికి ఫోన్ చేశాడు.

"గెలిచిందే! దేవుడు గెలిపించినాడని లేచి సాక్ష్యం చెప్పు!"

కాసేపటికి ఫోన్లోనే చప్పట్లు వినిపించాయి.

అంతలో స్తుతి బయటికొచ్చింది. "డ్రా అయింది నాయనా."

"అంటే?"

"ఇద్దరికీ రాజులే మిగిలినారు. ఇంగ ఎవరూ గెలవలేరు. జట్టులో చోటు పోయింది."

"ఆ పిల్ల చెయ్యి చాపె గదా!"

"ఆట అయిపోతే ఎవరైనా చాపుతారు."

ఏసేపు ముఖం పాలిపోయింది. "మీయమ్మ అందరి ముందరా చెప్పేసింది. ఇంగ ఏ మొగం పెట్టుకోని పోవల్ల? సరే, గెలిచిందనే అనుకోనీలే. ఆలూరులో ఎవరికి తెలుస్తాది?"

"నేను డ్రా చేసింది అంత సిగ్గుగా ఉండాదా నీకు?"

పక్కనే కళ్లు తుడుచుకుంటున్న సుప్రజ కల్పించుకుంది. "మీ పాప శానా మొండిది అంకుల్. నాకు రెండు బంట్లు ఎక్కువుండె. అయినా గెలవనీలా."

ఓడిపోవాల్సిన ఆటను కూతురు ఒంటరిగా కాపాడుకుంది. తానేమో ఆ ఆటనే దాచమంటున్నాడు. ఏసేపుకు కూతురి వైపు చూడటానికి ముఖం చెల్లలేదు. మళ్లీ ఫోన్ చేశాడు.

"పాస్టరయ్యగారికియ్యి రత్నమణీ... అయ్యగారూ, ఫోన్ మైకు దగ్గర పెట్టండి." మైకు గరగరమన్నాక చెప్పాడు. "అందరికీ వందనాలు. పాప గెలవలా. తెలీక నేనే తప్పు చెప్పించినా. క్షమించండి."

అటునుంచి సంఘంలోని ముసలి గిడ్డమ్మ గొంతు వినిపించింది.

"అయితే ఓడిందా ఏసేపూ?"

"లేదత్తా. ఓడలా."

"పోనీలే. బిడ్డ ఏమన్నా తినిందా?"

ఏసేపు తల వాలిపోయింది. పొద్దున్నుంచీ ఆ ఒక్క మాట తను అడగలేదు.

"ఆకలైతాందా పాపా?"

అంతవరకూ బిగబట్టుకున్న ఏడుపు స్తుతికి ఒక్కసారిగా పొంగింది. తండ్రి చొక్కాలో ముఖం దాచుకుంది.

"శానా, నాయనా."