పసుపంటిన ఊలు

వంటింట్లో స్టీలు డబ్బా మూత టక్కున బిగిసిందంటే వినోద ఇంక ముసుగు తన్ని పడుకోవడానికి వీల్లేదని అర్థం. ఆ రోజూ అలాగే బిగిసింది. ఆ వెనకే తల్లి గంగామణి గొంతు లేచింది.

"లేసినవా, ఇంకా పండుకునే ఉన్నవా? బస్సు నీ కోసం ఆగుతదా? అటు సూడు, నీ జున్ను మళ్ల పసుపు పూసుకొని వచ్చింది. తెల్లటి పిల్లి పెండ్లిపిల్ల లెక్క అయింది!"

వినోద దిగ్గున లేచి తడిగుడ్డ పట్టుకుని పిల్లి వెంట పడింది. అదేమో మంచం కింద దూరి, బియ్యం డబ్బా వెనక్కి పోయి, చివరికి తులసికుండీ పక్కన దొరికింది. దాని నాలుగు పాదాలూ గట్టిగా రుద్దుతుంటే గుడ్డ పచ్చబడింది. ఆర్మూర్‌లో పసుపు తవ్వే కాలంలో ఆరేసిన బట్టలకు కూడా పసుపు వాసన పడుతుంది. పిల్లికి అంటుకోవడంలో వింతేమీ లేదు. గంగామణి కూడా అంతటితో ఆ మాట వదిలేసింది. వినోదే వదల్లేక, తల్లి మళ్ళీ ఇటు చూస్తుందేమోనని ఇంకా రుద్దుతూనే ఉంది.

"ఫౌజియా పోరనికి స్వెటర్ అయిందా? నెలలు నిండినయి దానికి. నువ్వు అల్లేలోపట పోరడు నడవనేరుస్తడు" అంది గంగామణి డబ్బాను సంచిలో పెడుతూ.

"అయిందమ్మా, చేతులే మిగిలినయ్. సాయంత్రానికి అయితది."

"ఇంట్లకు తేకు. పిల్లి వెంట్రుకలు అంటుతయి. పసిపిల్లకు ఏసేది."

"తెస్తలేనమ్మా. చెప్పిన గదా, అక్కడ్నే దోస్తు రూముల పెట్టి అల్లుతున్న. ఇయ్యాల సీదా ఫౌజియాకే ఇస్త."

ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ అబద్ధం! మొదట్లో ఇలాంటివి చెప్పేటప్పుడు నోరు ఎండిపోయేది. ఇప్పుడు చెప్పులు వేసుకుంటూనే చెప్పేస్తోంది. తనను చూసి తనకే చిరాకేసింది.

వినోద ఎమ్మెస్సీ బాటనీ రెండో సంవత్సరం. రోజూ బస్సులో యూనివర్సిటీకి వెళ్ళొస్తుందని ఇంట్లో లెక్క. బస్టాండు దాకా ఆ లెక్క నిజమే. అక్కడ బస్సు ఎక్కుతుంది కూడా. డ్రైవరు వచ్చి కూర్చోగానే ఏదో మరిచిపోయినదానిలా దిగిపోతుంది. సందులన్నీ తిరిగి తమ ఇంటి వెనక వీధిలోనే ఉన్న పాత పసుపు గోదాముకు చేరుతుంది. తండ్రి గంగాకిషన్ ఒక పసుపు వ్యాపారి దగ్గర కాపలాదారు. సరుకంతా బైపాసు దగ్గరి కొత్త గోదాముకు మారాక పాతది నేలంతా పసుపు పొడితో ఖాళీగా పడి ఉంది. దాని తాళంచెవి ఇంట్లో తలుపు వెనక మేకుకు వేలాడుతుంది. పొద్దున తీసుకుపోయి సాయంత్రం మళ్ళీ తగిలించడం వినోదకు అలవాటైపోయింది. ఆమె తాళం తీసేసరికి జున్ను పగిలిన కిటికీలోంచి లోపలికి దూకుతుంది.

ఇదంతా ఒక సంచితో మొదలైంది. పసుపుకు వచ్చే దుంపకుళ్ళు మీద ఆమె ప్రాజెక్టు. కుళ్ళిన దుంపల్లోంచి తీసిన బూజును పెట్రీ ప్లేట్లలో, అంటే మూతలున్న చిన్న గాజు పళ్ళాల్లో, పెంచాలి. ల్యాబుకు వరుసగా సెలవులొచ్చాయి. కళ్ళ ముందు లేకపోతే మనసాగక ప్లేట్లను ఇంటికి తెచ్చుకుంది. బస్సు కుదుపుకు పగలకుండా ముచ్చటపడి వాటికోసం మెత్తటి ఊలు సంచి కూడా అల్లింది. ఇంట్లో అంత వెచ్చటి సంచి కనబడితే ఏ పిల్లి ఊరుకుంటుంది? జున్ను రెండు రాత్రులూ దానిమీదే పడుకుంది. మూతలు జరిగిన సంగతి వినోద చూసుకోలేదు.

సెలవులయ్యాక మేడం అందరి ముందూ ప్లేటు పైకెత్తి వెలుతురులో చూసింది. "ఇది దుంపకుళ్ళు కాదమ్మా, పిల్లి వెంట్రుక. అన్నీ పాడైపోయాయి. కొత్త దుంపలు తెచ్చి మొదటినుంచి చెయ్యి" అంది. ఆవిడ కోపంగా కూడా అనలేదు. కానీ క్లాసంతా ఘొల్లుమంది. సాయంత్రం వరండాలో వెనకనుంచి ఎవరో "మ్యావ్" అన్నారు. మర్నాడు బస్సెక్కిన వినోదకు ఆ "మ్యావ్" చెవిలో మోగి దిగేసింది. ఆ రోజు దిగింది దిగినట్టే ఉంది.

గోదాములో కూర్చుంటే మాత్రం నెమ్మది ఉందా? స్వెటర్ పట్టుకుంటే తండ్రికి మొదలుపెట్టిన మఫ్లరు గుర్తొస్తుంది. మఫ్లరు తీస్తే సగంలో ఆగిన తల్లి శాలువా కనబడుతుంది. అన్నీ పక్కన పడేసి ప్రాజెక్టు కాగితాలు తెరిస్తే మొదటి పేజీ దాటదు. లేచి ఆ చివరినుంచి ఈ చివరికి నడుస్తుంది. ఆలూర్ వైపు పసుపు తవ్వడం అయిపోయిందని తండ్రి రాత్రి అన్న మాట తరుముతోంది. మిగిలిన చేలు కూడా తవ్వేస్తే కుళ్ళిన దుంపలు మళ్ళీ వచ్చే పంటకే. ఈ ఏడాది పోయినట్టే.

ఒక్కటే ఊరట. మొదటి రోజు నేలమీద కూర్చుంది. రెండో రోజుకి ఎక్కడినుంచో ఒక ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. ఆ తర్వాత ఒక మంచినీళ్ళ కూజా కూడా. హమాలీలు వదిలేసి ఉంటారనుకుంది.

సాయంత్రం వినోద స్వెటర్ తీసుకుని ఫౌజియా ఇంటికి వెళ్తే తాళం వేసి ఉంది. ఇంటికొచ్చేసరికి ఫౌజియా తమ గడపలోనే కూర్చుని గంగామణితో కబుర్లాడుతోంది. ఇద్దరూ చిన్నప్పటినుంచీ ఒకే బడిలో చదివారు. ఫౌజియా కాన్పుకు పుట్టింటికి వచ్చింది.

"ఏదీ, నా కొడుకు స్వెటర్?" అంటూ ఫౌజియా సంచి లాక్కుంది. తెల్లటి బుల్లి స్వెటర్ను ఒళ్ళో పరుచుకుని మురిసిపోయింది. దాన్ని వెనక్కి తిప్పి కిలకిలా నవ్వింది. "ఆంటీ, జర సూడుండ్రి! యెనకాల పిల్లి కాళ్లు అచ్చు గుద్దినట్టు ఉన్నయి, పచ్చగ! ఎంత ముద్దుగున్నయో!"

గంగామణి వంగి చూసింది. వీపు మధ్యలో రెండు, భుజం మీద ఒకటి. పసుపు పాదాల ముద్రలు.

"గీ స్వెటర్ యూనివర్సిటీల దోస్తు రూముల ఉన్నదంటివి" అంది మెల్లగా. "ఇంట్లకు తేలేదంటివి. మరి జున్ను బస్సెక్కి పోయిందా?"

ఫౌజియా ఇద్దరి మొహాలూ చూసి, "నేను మళ్ల వస్త ఆంటీ" అంటూ నడుం పట్టుకుని లేచి వెళ్ళిపోయింది.

"చెప్పు. ఎక్కడుంటున్నవ్ పొద్దంత?"

"పాత గోదాంల." వినోద కళ్ళనీళ్ళు జలజలా రాలాయి. "యూనివర్సిటీకి పోతలేనమ్మా. చానా దినాలాయె."

గంగామణి తర్వాత అడిగిన మాట వినోద ఊహించింది కాదు.

"నేను చీకటితోని లేసి కట్టిన డబ్బా గోదాంల కూసొని తిన్నవా?"

వినోద ఖాళీ డబ్బా తీసి తల్లి ముందు పెట్టింది. సరిగ్గా అప్పుడే గంగాకిషన్ డ్యూటీ దిగి వచ్చాడు. తల్లీకూతుళ్ళను చూశాడు, స్వెటర్ను చూశాడు, చెప్పులు విడిచి గోడవారగా నిలబడ్డాడు.

"నీ బిడ్డ సూడు, చదువు ఇడిసిపెట్టి మీ గోదాంల కూసుంటున్నదట!"

గంగాకిషన్ మెడ మీద తువ్వాలు సర్దుకున్నాడే గానీ ఆశ్చర్యపోలేదు. అది గంగామణి కంట పడింది.

"నీకు ఎరుకేనా?"

"తాళంచెయ్యి మేకుకు ఉంటలేదు గద" అన్నాడతను.

"ఎరుకై గూడ నాతోని చెప్పలేదా?"

"దానంతట అది చెప్తదని సూసిన. అడిగితే ఇంకో తావు ఎతుక్కుంటదని భయమైంది. గాడైతే మనింటి ఎనకనే గద."

కుర్చీ ఎవరు పెట్టారో, కూజా ఎవరు నింపుతున్నారో వినోదకు అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"మంచిగుంది! ఇద్దరు కలిసి నన్ను పిచ్చిదాన్ని చేసిన్రు!" గంగామణి కొంగుతో మొహం తుడుచుకుంది. "వాడకట్టంత చెప్పుకుంటున్న, నా బిడ్డ పెద్ద చదువు చదువుతున్నదని. అసలేమైంది? ఎవలన్న ఏమన్న అన్నరా? చెప్పు."

వినోద చెప్పింది. ఊలు సంచి, ప్లేటు, వెంట్రుక, మ్యావ్, అన్నీ చెప్పింది. గంగామణి కోపం ఒక్కసారిగా గుమ్మంలో కూర్చుని పాదాలు నాక్కుంటున్న జున్ను మీదికి మళ్ళింది.

"అంత చేసింది గీ పిల్లి! రేపే సంచిల కట్టి ఏర్గట్లల మా తమ్ముడు ఎంకటి ఇంటికాడ ఇడిసొస్త. బాయికాడ ఎలుకలు పట్టుకొని బతుకుతది."

"దానిదేం తప్పమ్మా? సంచి అల్లింది నేను, చూసుకోనిది నేను." వినోద పిల్లిని ఎత్తి గుండెకు హత్తుకుంది.

"అయితే గిప్పుడు మళ్ల మొదలువెట్టాల్నంటే ఏం గావాలె?" అడిగింది గంగామణి.

"కుళ్ళిన దుంపలు గావాలె. మట్టితోని సహా. ఎవరిస్తరమ్మా? తమ చేన్ల కుళ్ళు ఉన్నదని ఎవ్వలు ఒప్పుకోరు. మార్కెట్ యార్డుల తెలిస్తే ధర రాదని భయం. ఎంకటి మామను గూడ అడిగిన. నా చేన్ల కుళ్ళా, లేనే లేదన్నడు."

గంగామణి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి ముగ్గురూ సరిగ్గా తినలేదు.

తెల్లారి వినోదకు మెలకువ వచ్చేసరికి గదిలోకి ఎండ వచ్చేసింది. డబ్బా మూత చప్పుడు వినబడలేదు. వంటిల్లు బోసిగా ఉంది. తనకు ఇంక డబ్బా కట్టే పని లేదని అమ్మ నిర్ణయించేసిందన్నమాట. పెరట్లోకి పరిగెత్తింది. దండెం మీద ఉండే గోనెసంచి లేదు. జున్ను లేదు.

"బాపూ, అమ్మ ఏది?"

గంగాకిషన్ పళ్ళు తోముకుంటూ చెప్పాడు. "మొదటి బస్సుకే ఏర్గట్ల పోయింది. సంచి పట్టుకొని."

అంతే. జుట్టు ముడేసుకుని చున్నీ లాక్కుని, చేతికందిన కాలేజీ బ్యాగు భుజాన వేసుకుని బస్టాండుకు ఉరికింది. ఈసారి బస్సు దిగలేదు. దారి పొడుగునా సీటు అంచు మీదే కూర్చుని, ఆగిన ప్రతి ఊళ్ళోనూ డ్రైవర్ను మనసులో తిట్టుకుంటూ పోయింది. సంచిలో ఊపిరాడక పిల్లి ఎంత గింజుకుందో! ఆ కొత్త చోట అది ఎవరి ఒళ్ళో పడుకుంటుంది?

ఎంకటి చేను సగం తవ్వేసి ఉంది. గట్టు మీద గంగామణి చేతులకు మోచేతుల దాకా మట్టితో కూర్చుని ఉంది. పక్కనే మూతి బిగించి కట్టిన గోనెసంచి. ఎంకటి కాస్త దూరంలో అలిగినవాడిలా నిలబడ్డాడు.

"అమ్మా, ఇడువు దాన్ని! సచ్చిపోతది!" వినోద పరిగెత్తుకొచ్చి సంచి మీద పడి ముడి విప్పింది. గుప్పుమని కుళ్ళు కంపు మొహాన కొట్టింది. లోపల నల్లబడి మెత్తబడిన పసుపు దుంపలు, తడి మట్టితో సహా, సగం సంచి ఉన్నాయి.

వినోద ఒక దుంప తీసి నొక్కితే వేలు లోపలికి దిగింది.

"సాల్తయా? ఇంకా తవ్వాల్నా?" అంది గంగామణి. "మీ మామ లేదంటే లేదన్నడు. నేనే చేన్లకు దిగిన. గా మూలకు కుప్పవోసి మీదికెళ్లి మట్టి కప్పిండు. అచ్చం నీ లెక్కనే."

"అక్కా, నీ కాల్మొక్త, యార్డుల ఎవ్వలతోని అనకు. ఇజ్జత్ పోతది" అన్నాడు ఎంకటి.

"నీ ఇజ్జత్ ఏడికి పోదు. నా బిడ్డ చదివి దీనికి మందు చెప్తే నీ చేనే మంచిగయితది." ఆవిడ కూతురి వైపు తిరిగింది. "నవ్విన్రని నాకు చెప్పకపోతివి. నేను గూడ నవ్వుదుననుకున్నవా?"

"తిడ్తవనుకున్న."

"తిడుదును. తిట్టి డబ్బా కట్టి తోలుదును." గంగామణి మొహంలో ఏదో కదిలింది. పెదవి కొరుక్కుంది. అయినా ఆగలేదు. "గాజు పళ్ళాలకు ఊలు సంచి అల్లినవా? సలి పెడ్తదనా?" అంటూ పకపకా నవ్వేసింది. ఆ "మ్యావ్" అన్న రోజునుంచీ నవ్వంటేనే భయపడుతున్న వినోద, ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వింది. ఎంకటి కూడా ఏమీ అర్థంకాక నవ్వాడు.

"మరి జున్ను ఏదమ్మా?"

"గోదాంల తోలి, పగిలిన కిటికీకి రేకు అడ్డం పెట్టి తాళమేసిన. పాలు పెట్టిన. నీ ప్రాజెక్టు అయ్యేదాక గాడ్నే ఉంటది. ఎలుకలున్నయి, మీ బాపు ఉన్నడు. ఐతారం నాడు పోయి ఎంతసేపన్న ఆడుకో. గంతకంటె నేను సైసలేను." కొంగు చాటునుంచి స్టీలు డబ్బా తీసింది. "నిన్ను లేపొద్దని మూత సప్పుడు కాకుండ పెట్టిన. లేసినంక నిన్ను ఈడికి తోల్కరమ్మని మీ బాపుకు చెప్పిన, గిట్లకెళ్లే యూనివర్సిటీకి పోతవని. చెప్పలేదా?"

"నువ్వు ఏర్గట్ల పోయినవని మాత్రమే చెప్పిండు."

"ఆయన గంతే. సగం మాట కడుపుల్నే పెట్టుకుంటడు."

ఎంకటి బండి మీద దించితే ఇద్దరూ బస్సు ఆగే చోటుకు వచ్చారు. సంచి కంపుకు పక్కన నిలబడ్డవాళ్ళు ముక్కు మూసుకున్నారు. క్లాసులో ఎవరో ఒకరు మళ్ళీ అంటారు, అనకుండా ఉంటారా? దూరంగా బస్సు కనబడగానే వినోద ఒక అడుగు వెనక్కి వేసింది. గంగామణి ఆమె భుజం పట్టి తన వైపు తిప్పుకుంది.

"జర ఆగు."

వెలుతురు పడేలా కూతుర్ని నిలబెట్టి, చున్నీ మీద అంటుకున్న తెల్లటి వెంట్రుకను గోళ్ళతో పట్టి తీసింది. తర్వాత ఇంకొకటి. భుజం మీదిది, చెవి వెనకది, జడలో చిక్కుకున్నది. మసక కళ్ళు చికిలించుకుని, పేలు చూసినంత శ్రద్ధగా ఒక్కొక్కటీ ఏరి గాలికి వదిలింది. బస్సు వచ్చి ఆగినా ఆవిడ చెయ్యి ఆగలేదు. కండక్టరు కేకేశాడు.

"ఆగు నాయినా, నా బిడ్డ చదువుకు పోతున్నది" అంది గంగామణి, ఇంకొక వెంట్రుక వెతుకుతూ.

వినోద ఒంగి తల్లి మట్టిచేతుల్ని కళ్ళకద్దుకుంది. డబ్బా ఒక చేత, సంచి ఒక చేత పట్టుకుని బస్సెక్కింది. డ్రైవరు గేరు మార్చాడు. ఈసారి ఆమెకు ఏదీ మరిచిపోయినట్టు అనిపించలేదు.