సూర్యనీలం

రెండు గాజు గిన్నెల్లోనూ ఉన్నది మనిషి చెమటే. ఒకదాంట్లో ల్యాబ్ వాచ్‌మన్‌ది, రెండోదాంట్లో డయాలసిస్ వార్డులో పడుకున్న ఒక రోగిది. డాక్టర్ ఇందుమతి పట్టకారుతో కందిబద్దంత నీలి రాయిని ఒక్కో గిన్నెలో జారవిడిచి, టీ కప్పు చేతిలోకి తీసుకుంది. టీ సగం కూడా తాగలేదు, రెండో గిన్నెలోని రాయి మసకబారింది. కప్పు ఖాళీ అయ్యేసరికి రాయంతా బొగ్గుముక్కలా నల్లబడింది. మొదటి గిన్నెలోది మాత్రం పెట్టింది పెట్టినట్టే నీలంగా ఉంది.

ఇందుమతికి ఏడుపొచ్చింది. ఈ రాయి కోసం ఆమె జుట్టు నెరిసిపోయింది మరి.

అప్పటికి గోదావరి జిల్లాల్లో ఎండాకాలానికి హద్దు లేకుండా పోయింది. దసరా దాటాక కూడా వడగాలి కొట్టేది. గోదావరి ఒడ్డున ఇటుక బట్టీల్లో పనిచేసేవాళ్ళకి ఆ ఎండ ఒంట్లో నీళ్ళు పీల్చేసి, మెల్లగా కిడ్నీల్ని ఎండగట్టేది. ఈ జబ్బుకి నొప్పి లేదు, జ్వరం లేదు. దొంగైనా కాస్త చప్పుడు చేస్తాడు, ఇది అదీ చేయదు. మొహం ఉబ్బి, ఆయాసం వచ్చి ఆస్పత్రికి చేరేసరికి చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయ్యేది. ముందే తెలిస్తే మాత్రం కొన్నాళ్ళు నీడపట్టున ఉంచి, మందులిచ్చి కిడ్నీని నిలబెట్టొచ్చు. ఆ ముందే తెలిసే ఉపాయమే ఇందుమతి రాయి.

దాని సంగతి కాస్త చెప్పుకోవాలి. స్ఫటికం అనగానే మనకి నగలకొట్టు గుర్తొస్తుంది గాని, కూరలో వేసే కల్లుప్పు స్ఫటికమే. పిల్లలు చప్పరించే పటికబెల్లం స్ఫటికమే. అణువులు వరుస తప్పకుండా బారులు తీరి నిలబడితే చాలు, అది స్ఫటికం. వడ్రంగి చెక్క రుద్దే గరుకు కాగితం మీద పొడి ఉంటుంది చూశారూ, అల్యూమినియం ఆక్సైడ్, దాంట్లో రవ్వంత క్రోమియం కలిసి స్ఫటికంగా పెరిగితే కెంపు, ఇనుమూ టైటానియమూ కలిస్తే నీలం. రవ్వంత కల్తీకే మనం మేడలు అమ్ముకుంటాం. ఇందుమతి పెంచిన స్ఫటికంలో అణువుల వరుసల మధ్య ఖాళీ గదులున్నాయి. క్రియాటినిన్ అనే మలినం ఒక్కటే పట్టేలా ఆ గదుల గుమ్మాలు అమర్చింది. కిడ్నీ బాగున్నవాళ్ళ చెమటలో అది ఉండీ లేనట్టుంటుంది. కిడ్నీ నీరసించగానే చెమటలోకి ఎక్కువగా వచ్చి, గదులన్నీ నిండుతాయి. నిండిన గది నల్లబడుతుంది. అంతే కథ.

ఆ రాయిని ప్లాస్టిక్ పట్టీలో బిగించి, మణికట్టుకి కట్టుకోమని బట్టీల్లో ఉచితంగా పంచింది. వారం తిరిగి వెళితే ఒక్క చేతికీ పట్టీ లేదు. అన్నీ బట్టీ పక్కన గమేళాలో కుప్పగా పడున్నాయి.

"తప్పుగా అనుకోకండి డాక్టరమ్మగారూ," అన్నాడు సింహాచలం. అందరూ నవ్వుతున్నా, మొదటినుంచీ ఆమె పరీక్షలకి చెమట పట్టి ఇచ్చింది ఈ సింహాచలమే. ఇటుక అచ్చు తీయడంలో ఆ బట్టీకల్లా పనిమంతుడు. "ఇది జబ్బు పట్టీ అంటున్నారండి. ఇది కట్టుకున్నోణ్ణి మేస్త్రీ పనిలోకి రానివ్వట్లేదండి."

"నీకు జబ్బుందని కాదు, వస్తే తెలియడానికి అని చెప్పాను కదా."

"ఆయ్, మాకు చెప్పారండి. మేస్త్రీకి ఎవరు చెప్తారండి?"

అతని చేతికి మట్టి ఎండి తెల్లగా అట్టకట్టింది. ఆ మట్టిలోంచి రాగి ఉంగరంలో పగడం ఒకటి కనిపించింది. ఎన్నాళ్ళ నుంచి ఉందని అడిగితే పెళ్ళినాటిదని, స్నానానికి కూడా తియ్యనని చెప్పాడు. పక్కనే ఇటుకలు పేరుస్తున్న అతని భార్య అచ్చియ్యమ్మ, "కుజదోషానికండి," అంది, అదేదో విటమిన్ మాత్ర పేరైనట్టు.

ఇందుమతి ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా రాజమండ్రి మెయిన్ రోడ్డులో రాళ్ళు పొదిగే వీరబ్రహ్మాచారి కొట్టుకి వెళ్ళింది. ఆయన భూతద్దం కింద ఆమె రాయిని తిప్పి తిప్పి చూశాడు.

"నీటుగా ఉందమ్మా. ఏం పేరు?"

"పేరు లేదండీ. నంబరుంది."

"నంబరున్నదాన్ని ఎవరు పెట్టుకుంటారమ్మా వేలికి? ఏ గ్రహానిదో చెప్పాలి కదా."

ఆమె జన్మలో జాతకం చూపించుకోలేదు. దిష్టి తీసిన పటికని నిప్పుల్లో వేస్తే, అది ఉబ్బిన ఆకారంలో కళ్ళు పెట్టినవాళ్ళ మొహం వెతికే జనాన్ని చూసి, పోయేది స్ఫటికంలోని నీరే కదా అని చిన్నప్పుడే నవ్వుకున్న మనిషి. కాని ఆ పూట సింహాచలం వేలు కళ్ళముందే ఉంది. జబ్బుకి కారణమైనవాడి పేరే చెప్పేసింది.

"సూర్యుడిదండీ."

"ఎండ తాపం తగలకుండా కాపాడుతుందంటారు. బావుంది. సూర్యనీలం అందాం." ఆచారి రాయిని పత్తిలో పెట్టాడు. "ఎప్పుడైనా రంగు మారుతుందా?"

"నల్లబడుతుంది. నల్లబడితే వెంటనే ఆస్పత్రికి రమ్మని ప్రతి ఒక్కళ్ళకీ చెప్పండి. అసలు దీన్ని చేసిందే అందుకు."

"చెప్తాను. కాని నల్లబడ్డ రాయి ఒంటిమీద ఎవరూ ఉంచుకోరమ్మా."

"ఉంచుకోకపోతే మానె. ఆస్పత్రికి వస్తే చాలు," అంది ఇందుమతి. ఉంచుకోకపోతే ఏం చేస్తారని మాత్రం అడగలేదు. అడగాల్సిన ప్రశ్న అదొక్కటే.

ఏడాది తిరిగేసరికి బట్టీల్లో నీలి ఉంగరం లేని చెయ్యి కనిపించలేదు. తాపీ పనివాళ్ళు పెట్టుకున్నారు, ఆటోవాళ్ళు పెట్టుకున్నారు, కొత్త పెళ్ళికూతుళ్ళ సారెలో చీర మీద పెట్టి పంపించారు. జబ్బు పట్టీని తీయించిన మేస్త్రీయే రెండు వేళ్ళకి రెండు పెట్టుకున్నాడు. ఆచారి ఇచ్చిన మాట తప్పలేదు, ఇందుమతి ఉచితంగా ఇచ్చే రాయిని పొదిగించుకున్న ప్రతి మనిషికీ ఆస్పత్రి సంగతి చెప్పాడు. ఇందుమతి పోరి పోరి పట్నంలో ప్రత్యేకంగా ఒక వార్డు తెరిపించింది. కొత్త పరుపులు వేయించి, మందులు నింపి, నల్లరాయితో వచ్చేవాళ్ళ కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

ఒక్కళ్ళూ రాలేదు.

నెలలకి నెలలు గడిచాయి. పరుపుల మీద ప్లాస్టిక్ కాగితం కూడా ఊడలేదు. పెద్ద ఆఫీసరొకాయన వచ్చి ఖాళీ మంచాలు చూసి, జబ్బుని తరిమేశారని శాలువా కప్పి వెళ్ళాడు. నిజం చెప్పాలంటే ఆ శాలువా ఆమెకి ముచ్చటగానే అనిపించింది. అయినా లోపల ఏదో పీకుతూనే ఉంది. ఎండ తగ్గలేదు, పని తగ్గలేదు, జబ్బెలా తగ్గుతుంది?

జవాబు పక్క వార్డులో దొరికింది. ఆయాసంతో తీసుకొచ్చిన ఒక ఆటో డ్రైవరుకి డయాలసిస్ పెడుతున్నారు. అతని ఉంగరపు వేలి చుట్టూ తెల్లటి గుర్తుంది. ఉంగరం ఏదని అడిగింది.

"ఎప్పుడో నల్లబడిందండి. గోదాట్లో వదిలేశామండి," అంది అతని తల్లి.

"నల్లబడగానే ఇక్కడికి రమ్మన్నారు కదమ్మా."

"ఎందుకండి? పీడంతా రాయి తీసేసుకుంది కదండి. అది ఇంట్లో ఉంచకూడదని, ఏటి నీళ్ళలో వదిలేసి, ఎనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాం."

ఇందుమతికి అర్థమైంది. ఇన్నాళ్ళూ రాయి చెప్పాల్సింది చెప్తూనే ఉంది. ఆపద వచ్చిందని అది అరిస్తే, ఆపద పోయిందని వీళ్ళు విన్నారు. రాయికి గ్రహాన్ని అంటగట్టింది ఎవరు మరి? గ్రహం వెంట దాని మర్యాదలన్నీ వస్తాయి. కొన్ని ఉంచుకుని కొన్ని వదిలేయడం కుదరదు.

అప్పుడు గుర్తొచ్చాడు సింహాచలం.

వెళ్ళేసరికి అతను గుడిసె ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. మొహం నిండు చందమామలా ఉబ్బింది. పాదం మీద వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది. ఆమెని చూసి లేవబోయాడు, ఊపిరి అందలేదు.

"మీ రాయి మాట తప్పలేదండి," అన్నాడు సంతోషంగా. "ఉగాది ముందు నల్లబడిందండి. ఆ రోజు కోడిని కోసి అందరికీ పెట్టాం. ఇంకేం బయ్యం లేదని రెండు పూటలా అచ్చు తీశానండి."

"ఈ వాపేంటి సింహాచలం?"

"ఏటికొచ్చిన కొత్త నీళ్ళు పడలేదండి. తగ్గిపోద్ది."

ఆమె కారులోనే తీసుకెళ్ళింది. ఆ వార్డులో మొదటి పరుపు మీద కాగితం చింపింది అతని కోసమే. రాయి నల్లబడిన రోజు వచ్చుంటే అతను బతికేవాడు. ఆ సంగతి ఇందుమతికి తెలుసు, ఎవరికీ చెప్పాల్సిన పని లేనంత బాగా తెలుసు. శ్రావణం రాకుండానే సింహాచలం పోయాడు.

బట్టీల వెంట తిరగడం మొదలుపెట్టింది ఆమె. "ఇది గ్రహాల రాయి కాదు. నేను అబద్ధం చెప్పించాను. ఇది ఒట్టి రసాయనం. నల్లబడితే జబ్బు మొదలైందని అర్థం," అని ఇటుకలు ఆరబెట్టే ప్రతి కళ్ళం దగ్గరా చెప్పింది. జనం ఓపిగ్గా విన్నారు, మజ్జిగ ఇచ్చారు. ఉచితంగా రాళ్ళిచ్చే పథకం ఆపేయడానికి పైవాళ్ళు ఆవిడ చేత ఇలా అనిపిస్తున్నారని, ఆవిడ వెళ్ళాక జాలిపడ్డారు. అబద్ధం ఒక్కసారి చెబితే నమ్మినవాళ్ళు, నిజం నూరుసార్లు చెప్పినా నమ్మలేదు.

చివరికి తనూ ఒక ఉంగరం పెట్టుకుంది. "నాది నల్లబడితే పారేయను. దాన్ని పెట్టుకునే ఆస్పత్రికి వెళ్తాను. బాగై తిరిగొస్తాను. అప్పుడైనా చూసి నమ్మండి," అంది.

ఎండకి డాక్టరని, కూలి అని తేడా ఏముంటుంది? ఆ ఏడాది రోజంతా బట్టీల మధ్య తిరిగి, అన్నం వేళకి అన్నమూ, నీళ్ళ వేళకి నీళ్ళూ లేక, సంక్రాంతి వెళ్ళిన కొన్నాళ్ళకి, ఇటుకల వరుస పక్కన నిలబడి మాట్లాడుతుండగానే ఆమె రాయి మసకేసి నల్లబడింది. ఆడవాళ్ళు చేతులు జోడించారు. పీడ వదిలిందండీ అని ఒక ముసలమ్మ ఆమె బుగ్గలు పుణికింది. ఇందుమతి ఆ నల్లరాయి అందరికీ చూపించి, అందరూ చూస్తుండగానే ఆస్పత్రి బండెక్కింది.

నల్లరాయితో ఆ వార్డుకి వచ్చిన మొదటి రోగి ఆమే.

వైద్యం మొదలైంది. వేళకే వచ్చింది గనక భయం లేదన్నారు. నీరసంగా పడుకుని కూడా ఆమె మనసు కుదుటగానే ఉంది. చూసినవాళ్ళు ఈపాటికి గ్రహించే ఉంటారని, రేపో మాపో గుమ్మంలో నల్ల ఉంగరాలు కనిపిస్తాయని అనుకుంది.

వచ్చింది అచ్చియ్యమ్మ ఒక్కతే. స్టీలు క్యారేజీలో జావ తెచ్చింది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆమెని తేరిపార చూసి, మెల్లగా మందలించింది.

"అంత చదువుకున్నారు. నల్లబడ్డ రాయి ఒంటిమీద ఉంచుకుంటారాండీ? అందుకే మంచాన పడ్డారు. బట్టీలో అందరూ అదే అనుకుంటున్నారండి."

ఇందుమతి చేయాల్సిందంతా చేసి, వాళ్ళ నమ్మకానికి తనే సాక్ష్యం చెప్పొచ్చింది.

అచ్చియ్యమ్మ ఆమె చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, ఉంగరాన్ని సబ్బు నురగతో పసిపిల్ల గాజు తీసినంత జాగ్రత్తగా లాగింది. "నేను ఎళ్ళేటప్పుడు గోదాట్లో వదిలేస్తాను. మీకు తగ్గిపోద్ది."

అప్పుడు చూసింది ఇందుమతి. ఇటుక మట్టికి ఎర్రబారిన ఆ చేతి వేలి చుట్టూ తెల్లటి గుర్తు.

"నీ ఉంగరం ఏదీ అచ్చియ్యమ్మా?"

"మొన్న నల్లబడిందండి. ఆయన అస్థికలు కలిపిన రేవులోనే వదిలేశాను. ఇంక నాకేం లేదండి."

చెప్పాల్సిన నిజం ఇందుమతి నాలుక చివరిదాకా వచ్చింది. ఈ నిజాన్నే బట్టీ బట్టీకీ మోసుకు తిరిగింది. కొత్త అబద్ధమొకటి కూడా వచ్చింది, ఇంకో రాయి పేరుతో, ఇంకో గ్రహం పేరుతో. రెండూ మింగేసింది. అచ్చియ్యమ్మ చేతిని మాత్రం వదల్లేదు.

"నాకు ఇక్కడ ఒంటరిగా భయంగా ఉంది," అంది. అది నిజమే. "నాకు బాగయ్యేదాకా తోడుంటావా? ఆ పక్క మంచం ఖాళీగానే ఉంది."

అచ్చియ్యమ్మ క్షణం కూడా ఆలోచించలేదు. జబ్బు మనిషి తోడు అడిగితే కాదనడం ఆమె ఎరగదు.

"అయ్యో, దానికేం భాగ్యం అండీ. పనికెటూ ఎండలు తగ్గాక ఎళ్తాను," అంటూ క్యారేజీ పక్కన పెట్టి, పరుపు మీద ప్లాస్టిక్ కాగితం చింపుకుని కూర్చుంది. తోడుండేవాళ్ళకి కూడా రక్తం పరీక్ష చేయాలని నర్సు చెబితే, పమిట సర్దుకుని చెయ్యి చాపింది.

నల్లరాయి ఆమె కొంగుముడిలోనే ఉంది, గోదారికి వెళ్ళే రోజు కోసం.